స్కాన్‌లో కనిపించేది ఎగ్ కాదు: రాయగడ నుంచి వైజాగ్ దాకా నా ఐవీఎఫ్ అనుభవం

మాది రాయగడ. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, నేను చదివింది ఒడియా మీడియం, తెలుగు చదవడం రాయడం మాత్రం గునుపూర్‌లో మా అమ్మమ్మ దగ్గర వేసవి సెలవుల్లో నేర్చుకున్నాను. ఇది ఎందుకు చెప్తున్నానంటే "అండం" అనే మాట నాకు 33 ఏళ్లు వచ్చేదాకా సరిగ్గా తెలీదు, స్కూల్లో డింబాణు అని చెప్పి ఆ పాఠం మేడం గబగబా దాటించేసింది, ఇంట్లో ఐతే ఆ సంగతి ఏ భాషలోనూ ఎవరూ మాట్లాడరు. తర్వాత రెండేళ్లు రాత్రీ పగలూ నా బుర్రలో అదే తిరిగింది. బరంపురం, పర్లాకిమిడి, జయపురం నుంచి ఇదే పని మీద, అంటే ల్యాబ్‌లో అండాన్నీ శుక్రకణాన్నీ కలిపి పిండం చేసే ఐవీఎఫ్ కోసం, వైజాగ్ రైలెక్కేవాళ్లు చాలామంది కనిపించారు నాకు, ముఖ్యంగా వాళ్ల కోసం రాస్తున్నాను.

పెళ్లైన ఐదేళ్లకి కూడా పిల్లల్లేకపోతే ముందు దగ్గర్లోనే ఒక చోట చూపించుకున్నాం. నెల నెలా టాబ్లెట్లు, పదో రోజు నుంచి రోజు విడిచి రోజు స్కానింగ్. అక్కడ అందరూ అనే మాట ఒకటే, "ఎగ్ 14 ఉంది, 18 రావాలి", "ఈసారి ఎగ్ పెరగలేదు", "ఎగ్ రప్చర్ అవ్వలేదు". నేను దాన్ని అచ్చంగా నమ్మాను, నా లోపల ద్రాక్షపండంత గుడ్డు ఒకటి పెరుగుతోంది, అది పెరగకపోతే నేనేదో సరిగ్గా తినట్లేదు అని. అత్త రోజూ రెండు కోడిగుడ్లు ఉడకబెట్టి పెట్టేది, పాపం ఆవిడ లెక్క ఆవిడది, గుడ్డు తింటే గుడ్డు పెరుగుతుందని. ఐదు నెలలు అలా గడిచాయి. ఆ ఐదు నెలల్లో ఒక్కసారైనా ఎవరైనా ఆ 14, 18 దేని కొలతో చెప్పి ఉంటే నేను అన్ని రాత్రులు ఏడ్చేదాన్ని కాదు.

వైజాగ్‌లో డాక్టర్ మేడం చెప్పింది. (1936లో ఒడిశా వేరుపడక ముందు మా వైపంతా విశాఖపట్నం జిల్లాలోనే ఉండేదట, ఇప్పటికీ మాకు పెద్ద జబ్బు, పెద్ద ఆస్పత్రి అంటే వైజాగే.) నా పాత రిపోర్టులు తిరగేసి, చీటీ వెనక్కి తిప్పి ఒక గుండ్రం గీసింది. ఇది ఫాలికిల్ అమ్మా, నీళ్ల సంచి, స్కాన్ కొలిచేది దీన్నే అంది. తర్వాత ఆ గుండ్రం లోపల గోడకి ఆనించి పెన్ను మొనతో ఒక చుక్క పెట్టింది. ఇదీ ఎగ్. సంచి 18 మిల్లీమీటర్లు అయితే ఎగ్ మిల్లీమీటర్‌లో పదో వంతు, అంటే తల వెంట్రుక మందం. ఏ స్కాన్ మెషీన్‌లోనూ అది కనిపించదు. ఒంట్లో కణాలన్నిటిలో అదే చాలా పెద్దది, విడిగా ఉంటే కంటికి చుక్కలాగ ఆనుతుంది, కానీ స్కాన్‌కి అందేంత పెద్దది కాదు.

నేను ఆ చుక్క వైపు చూస్తూ ఉండిపోయాను. ఇన్ని నెలలు "పెరగలేదు పెరగలేదు" అని ఎవర్ని తిట్టుకున్నానో అది అసలు అలా పెరిగేదే కాదు.

అప్పుడే ఇంకోటి అడిగాను, చాలా రోజుల్నుంచి గుండెలో ముల్లులా ఉన్న మాట. పెళ్లైన కొత్తలో ఏడాదిన్నర పిల్లలు వద్దని టాబ్లెట్లు వాడాం, అందుకే ఎగ్స్ పాడైపోయాయని ఇంట్లో ఒకరిద్దరు అన్నారు. మేడం ఏమాత్రం విసుక్కోకుండా చెప్పింది. ఆడపిల్ల తల్లి కడుపులో ఐదో నెలలో ఉండగా ఆ పిల్ల అండాశయాల్లో 60, 70 లక్షల దాకా అండకణాలు ఉంటాయట. పుట్టేసరికి 10, 20 లక్షలకి పడిపోతాయి. పెద్దమనిషి అయ్యేసరికి 3, 4 లక్షలు. జీవితం మొత్తంలో విడుదలయ్యేవి 400, 500. మిగతావన్నీ వాటంతట అవే కరిగిపోతాయి, టాబ్లెట్ వేసుకున్నా వేసుకోకపోయినా, బొప్పాయి తిన్నా తినకపోయినా, గర్భం వచ్చిన నెలల్లో కూడా ఆ కరగడం ఆగదు. పుట్టాక కొత్తగా తయారవ్వవు. "టాబ్లెట్ల వల్ల నీవి పోలేదు, నువ్వు పుట్టక ముందు నుంచే పోతున్నాయి" అంది. ఆ మాట చేదుగానే ఉంది కానీ నా మీద పడ్డ నింద ఒకటి అక్కడితో దిగిపోయింది.

నా ఏఎంహెచ్ 1.1 వచ్చింది. చిన్న చిన్న ఫాలికిల్స్ చుట్టూ ఉండే కణాలు చేసే హార్మోన్ అది, ఎన్ని మిగిలాయో ఒక అంచనా ఇస్తుంది తప్ప అవి మంచివా కాదా చెప్పదు. మంచీ చెడూ ఎక్కువగా వయసు మీద ఉంటుందట, ఎందుకో ల్యాబ్‌లో తెలిసింది, అది తర్వాత చెప్తాను.

ఐవీఎఫ్ మొదలైంది. పీరియడ్ రెండో రోజు నుంచి ఎఫ్ఎస్‌హెచ్, అంటే ఫాలికిల్స్‌ని పెంచే హార్మోన్, ఇంజెక్షన్లు. మామూలుగా ఒక నెలలో ఫాలికిల్స్ కొన్ని బయల్దేరినా ఒకటే ముందుకెళ్తుంది, దాని హార్మోన్ దెబ్బకి ఎఫ్ఎస్‌హెచ్ తగ్గిపోయి మిగతావి వాడిపోతాయి. ఇంజెక్షన్ చేసేది అలా వాడిపోవాల్సిన వాటిని కూడా నిలబెట్టడం, కొత్తవి పుట్టించడం కాదు, వచ్చే ఏళ్లవి ముందే లాగేయడం కూడా కాదు. ఇది నాకు చాలా ధైర్యం ఇచ్చింది ఎందుకంటే మా వదిన "ఒకేసారి అన్నీ తీసేస్తే తర్వాత ఏటి మిగుల్తాది" అని భయపెట్టేసింది. ఇంకో సంగతి, నిద్రలో ఉన్న చిన్న ఫాలికిల్ మేల్కొని ఇక్కడిదాకా రావడానికి చాలా నెలలు పడుతుంది, ఆఖరి మూడు నెలల్లో గబగబా పెరుగుతుంది, మనం ఇంజెక్షన్ వేసేది ఆ ఆఖరి పది పన్నెండు రోజులకే.

మొదటి ఐదు రోజుల ఇంజెక్షన్లు థర్మోకోల్ డబ్బాలో ఐస్ ప్యాక్‌ల మధ్య పెట్టుకుని రైల్లో రాయగడ తెచ్చుకున్నాం. మే నెల, విజయనగరం దాటాక బోగీ అంతా కొలిమిలా ఉంది, మా ఆయన డబ్బాని ఒళ్లో పెట్టుకుని తడిగుడ్డ కప్పి పార్వతీపురం దాకా ఎవర్నీ పక్కన ఆనుకోనివ్వలేదు. మూడో రోజు ఇంటి దగ్గర మధ్యాహ్నం కరెంట్ పోయింది. నేను నిద్రలేచి చూస్తే ఫ్రిజ్‌లో మందు లేదు. చల్లదనం తగ్గిపోతుందని అత్త దాన్ని పైన డీప్ ఫ్రీజర్‌లో పెట్టేసింది. ఆ మందు గడ్డ కడితే పనికిరాదు, 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. నేను అరిచిన అరుపుకి పక్కింటి ఒడియా మావుసి పరిగెత్తుకొచ్చింది. అదృష్టం, పెట్టి పది నిమిషాలే అయింది, గడ్డ కట్టలేదు. అత్త ఆ రోజు అన్నం తినలేదు. రాత్రి నేనే వెళ్లి పక్కన కూర్చుని మేడం గీసిన చీటీ చూపించాను, చుక్క, సంచి, లక్షలు వందలవ్వడం, అన్నీ చెప్పాను. చాలాసేపు విని "మరి నాకు ఇద్దరు పోయాకే మీ ఆయన పుట్టాడు, అప్పుడు నన్ను అందరూ ఎన్ని అన్నారో" అంది. ఆవిడకి ఇద్దరు పోయారని నాకు పెళ్లైన ఇన్నేళ్లలో అదే మొదటిసారి తెలియడం.

ఆరో రోజు నుంచి గాజువాకలో చిన్నమ్మ వాళ్లింట్లో ఉన్నాను. ఫాలికిల్ ముందే పగిలిపోకుండా ఇంకో ఇంజెక్షన్ కలిపారు. రోజుకి సుమారు రెండు మిల్లీమీటర్లు పెరుగుతూ పదకొండో రోజుకి 18 దాటినవి నాలుగు, మిగతావి చిన్నవి, మొత్తం తొమ్మిది. ఆ రాత్రి 10:30కి ట్రిగ్గర్ ఇంజెక్షన్ వేయించుకోమన్నారు.

ఈ ట్రిగ్గర్ గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు, "ఎగ్ రిలీజ్ కోసం" అని ఒక్క మాటతో వదిలేస్తారు, అసలు కథంతా అక్కడే ఉంది. పుట్టక ముందే అండకణం విభజన మొదలుపెట్టి మధ్యలో ఆగిపోతుంది. క్షయకరణ విభజన అంటారు, 46 క్రోమోజోములని సగం చేసే పని. జతలు జతలుగా పట్టుకుని నిలబడి, ఇంక కదలవు. ఏళ్లు గడుస్తాయి, పిల్ల పుడుతుంది, బడికెళ్తుంది, పెళ్లవుతుంది, అది అక్కడే ఉంటుంది. ప్రతి నెలా మెదడు దగ్గర్నుంచి ఎల్‌హెచ్ అనే హార్మోన్ ఒక్కసారిగా పైకి లేచినప్పుడు మాత్రమే తయారుగా ఉన్న ఆ ఒక్క అండం లేచి ఆగిన పని మళ్లీ మొదలుపెడుతుంది. ట్రిగ్గర్ చేసేది ఆ ఎల్‌హెచ్ పని. లేచి, ఒక విభజన పూర్తి చేసి, రెండోదాంట్లోకి వెళ్లి మళ్లీ ఆగడానికి ఒకటిన్నర రోజు పడుతుంది, ఇంకొంచెం ఆలస్యమైతే సంచి పగిలి ఎగ్ చేతికి దొరక్కుండా పోతుంది. అందుకే ట్రిగ్గర్ పడిన 36 గంటలకి ఎగ్స్ బయటికి తీస్తారు, దాన్నే పికప్ అంటారు. మాకు ఇంజెక్షన్ వేసే ఆయన రావడం పది నిమిషాలు లేటు, 10:40కి పడింది. ఫోన్ చేసి చెప్తే పికప్ కూడా పది నిమిషాలు వెనక్కి జరిపారు. మీరు కూడా టైమ్ అటూ ఇటూ అయితే దాచొద్దు, ఉన్నది ఉన్నట్టు చెప్పేయండి.

పికప్ గురించి రాయడానికి పెద్దగా లేదు. మత్తిచ్చారు, కింది నుంచి స్కాన్ చూస్తూ సూదితో ఒక్కో సంచిలో నీళ్లు లాగుతారు, ఇరవై నిమిషాలు, లేచేసరికి పొట్టలో పీరియడ్ నొప్పిలాంటిది. తొమ్మిది సంచులకి ఏడు ఎగ్స్. సంచి ఉన్నంత మాత్రాన ఎగ్ దొరకాలని లేదు.

సాయంత్రం ల్యాబ్‌లో పనిచేసే అమ్మాయి, ఎంబ్రియాలజిస్ట్, పలాస వాళ్లమ్మాయి, మమ్మల్ని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి ఫోటోలు చూపించింది. దీని కోసమే ఇదంతా రాయాలనిపించింది నాకు.

మొదటి ఫోటోలో ఎగ్ కనిపించనే లేదు, దూది పింజెలాంటి మబ్బు. అవి క్యుములస్ కణాలక్కా అంది, ఎగ్‌ని పెంచినవి ఇవే, సన్నటి వేళ్లలాంటి కొసలు గోడలోంచి లోపలికి చాపి ఇంతకాలం తిండి అందించాయి, ఎగ్‌ని నిద్రలో ఉంచేది కూడా ఇటువైపు నుంచి వచ్చే సంకేతాలే, ఎల్‌హెచ్ వచ్చాక ఆ చేతులు వదిలేస్తాయి. ఆ మబ్బుని ఒక ఎంజైమ్‌తో వదులుచేసి సన్న గొట్టంలో పైకీ కిందకీ లాగి వలిచేస్తారు. రెండో ఫోటో వలిచాక తీసింది.

గుండ్రంగా ఉంది. చుట్టూ గాజుగాజులాంటి మందపాటి పట్టీ, జోనా పెల్లుసిడా. లోపల సన్నగా జల్లించిన రవ్వ నీళ్లలో కలిపినట్టు కణద్రవ్యం, లేత గోధుమ రంగు. పట్టీకీ లోపలి ఉండకీ మధ్య సన్న సందు, ఆ సందులో ఒక వైపున చిన్న పూస ఒకటి ఇరుక్కుని ఉంది. ఆ అమ్మాయి స్క్రీన్ మీద వేలు పెట్టి "ఇదిగో పోలార్ బాడీ, ఇది ఉంటేనే మెచ్యూర్" అంది. మొదటి విభజనలో క్రోమోజోములు రెండు వాటాలవుతాయి, ఒక వాటా ఆ పూసలో పడేస్తుంది, కానీ తిండి, సరుకు, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా, అన్నీ పెద్దదే ఉంచుకుంటుంది. మగవాళ్లలో ఒక కణం నుంచి సమానంగా నాలుగు శుక్రకణాలు వస్తే ఇక్కడ వచ్చేది ఒక్క అండమే, మిగతావి వాటా పేరుకే. ఎందుకలా అని మా ఆయన అడిగాడు. బిడ్డ మొదటి రెండు మూడు రోజులు బతికేది ఆ సరుకు మీదే, తండ్రి జన్యువులూ తల్లి జన్యువులూ కలిసి సొంతంగా పని మొదలుపెట్టేది మూడో రోజు దగ్గర్లో, అప్పటిదాకా పూట గడిచేది ఎగ్ దాచుకున్న దాంతోనే అని చెప్పింది. మైటోకాండ్రియా లక్షకి పైన ఉంటాయట ఒక్క ఎగ్‌లో. అవి అమ్మ నుంచే వస్తాయి, నాన్న నుంచి రావు.

ఏడింట్లో ఐదింటికి ఆ పూస ఉంది. ఆరోదానికి పూస లేదు, మధ్యలో ఏ గుండ్రమూ లేదు, సగం దారిలో ఉంది. ఏడోది వేరేగా ఉంది. దాని మధ్యలో స్పష్టంగా ఇంకో గుండ్రం, ఆ గుండ్రంలో ఒక చుక్క, అచ్చం కన్ను లాగా నన్నే చూస్తున్నట్టు. జీవీ అంటారట, కేంద్రకం ఇంకా చెదరలేదు, ట్రిగ్గర్ అందినా లేవలేదు. "అంటే నేను పుట్టక ముందు ఎలా ఉందో అలాగే ఉందా" అని అడిగాను. పెద్దదైంది, గోడ కట్టుకుంది, సరుకు నింపుకుంది, కానీ క్రోమోజోముల పని మాత్రం అక్కడే ఆగి ఉందక్కా అంది. 34 ఏళ్లు. మిగతా ఐదింటినీ చూసి సంతోషపడాల్సింది పోయి దాన్నే చూస్తూ కూర్చున్నాను. మర్నాటి దాకా ఉంచి చూశారు, మెచ్యూర్ అవ్వలేదు.

వయసు సంగతి కూడా అప్పుడే అర్థమైంది. జతగా నిలబడిన క్రోమోజోములని కట్టి ఉంచే ప్రోటీన్లు కూడా పుట్టక ముందు కట్టినవే, పాతబడి వదులవుతాయి. 34 ఏళ్లకి, 40 ఏళ్లకి విడదీసేటప్పుడు ఒకటి అటు వెళ్లాల్సింది ఇటు ఉండిపోతుంది, లెక్క తప్పుతుంది, అలాంటి పిండాలు చాలావరకు నిలవవు. పైగా ఆ విడదీసే దారాల కట్ట, స్పిండిల్, చల్లదనం తగిలితే చెదిరిపోతుందట, అందుకే డిష్ పెట్టే బల్ల కూడా 37 డిగ్రీల్లో ఉంచుతారు. నాకు మా డీప్ ఫ్రీజర్ గుర్తొచ్చింది.

ఐదింటికీ ఇక్సీ చేశారు, ఒక్కో ఎగ్‌లోకి ఒక్కో శుక్రకణం సూదితో. మామూలుగా అయితే శుక్రకణం తగిలిన వెంటనే ఎగ్ అంచున ఉన్న చిన్న సంచులు పగిలి జోనాని గట్టిపరిచి ఇంకోదాన్ని రానివ్వవు. రెండో విభజన పూర్తయ్యేది కూడా శుక్రకణం వచ్చాకే, అది రాకపోతే ఎగ్ ఆ పని చేయకుండానే ఒక రోజులో పోతుంది. మర్నాడు పొద్దున్న ఫోన్: నాలుగింట్లో రెండేసి గుండ్రాలు, రెండేసి పూసలు కనిపించాయి, గుండ్రాల్లో ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. మూడో రోజుకి నాలుగూ ఉన్నాయి. ఐదో రోజుకి రెండు. మూడు నుంచి ఐదు మధ్య రెండు రోజులు ఫోన్ ఎత్తాలంటే చేతులు వణికేవి, ఆ రోజుల గురించి ఇంతకంటే రాయలేను.

రెంటినీ ద్రవ నైట్రోజన్‌లో మైనస్ 196 డిగ్రీల్లో దాచారు. తిరుగు రైల్లో మా ఆయన ఫోన్‌లో చదివి వినిపించాడు, 1978 జూలై 25న ఇంగ్లండ్‌లో మొదటి ఐవీఎఫ్ పాప పుడితే అదే ఏడాది అక్టోబర్ 3న మన పక్కనే కోల్‌కతాలో డాక్టర్ సుభాష్ ముఖర్జీ ఆధ్వర్యంలో దుర్గ పుట్టిందని, అది కూడా ఫ్రీజ్ చేసిన పిండం నుంచి. ఆయన మాట అధికారులు నమ్మలేదు, అవమానించారు, 1981లో ఆయన ఆత్మహత్య చేసుకున్నారు. తర్వాతెప్పుడో ఒప్పుకున్నారు. ఇంగ్లండ్‌లో ఆ పని చేసిన రాబర్ట్ ఎడ్వర్డ్స్‌కి 2010లో నోబెల్ వచ్చింది. నాకు కడుపు రగిలిపోయింది, నా రెండు పిండాలు ఆ చలిలో భద్రంగా ఉన్నాయంటే ఆయన లాంటి వాళ్లు పడిన కష్టమే కదా.

మొదటిది పెట్టారు, నిలవలేదు. రెండు నెలలు ఆగి రెండోది. పన్నెండో రోజు రక్తపరీక్షలో పాజిటివ్.

ఇప్పుడు 19వ వారం. పోయిన ఆదివారం గునుపూర్ వెళ్లి అమ్మమ్మకి ఆ ఎగ్ ఫోటో చూపించాను, ఫోన్‌లో ఉంది. ఆవిడకి 80 ఏళ్లు, కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. అమ్మ నీ కడుపులో ఉన్నప్పుడే నేను పుట్టిన ఎగ్ అమ్మలో తయారైపోయింది, 58 ఏళ్ల కిందట అని చెప్తే ముందు నమ్మలేదు. తర్వాత వేళ్లు మడిచి లెక్కేసుకుని "ఐదో నెలలోనే కదే, నాను బుల్లి రైలెక్కి పర్లాకిమిడి ఎల్లింది. ఆ కుదుపులకి అందరూ నన్ను తిట్టారు. ఐతే నువ్వూ ఉన్నావన్నమాట ఆ రైల్లో" అంది. అప్పట్లో గునుపూర్ నుంచి నౌపడకి నారోగేజ్ బండి నడిచేది, ఇప్పుడు లేదు, పెద్ద లైన్ వేసేశారు.

తర్వాత నా పొట్ట మీద చెయ్యి వేసి "మరి ఇది ఆడపిల్లయితే?" అంది. ఆడపిల్లయితే దాని లోపల కూడా సరిగ్గా ఈ వారాల్లోనే ఆ లక్షలన్నీ తయారవుతుంటాయి. ఏ పిల్లో మాకు తెలీదు, తెలుసుకోకూడదు, స్కాన్ గదిలో గోడ మీద ఒడియాలో పెద్ద అక్షరాలతో బోర్డు ఉంది. ఐదో నెల స్కాన్ వచ్చే మంగళవారం, రాయగడలోనే. అమ్మమ్మ కూడా వస్తానంటోంది.